బ్రాంచ్ పేర్లు చూసి టీమ్ పని ఎటు పోతుందో కనుక్కోవడం ఎలా

పోయిన మూడు నెలల్లో కొత్త ఫీచర్ల మీద ఎంత పని చేశాం, బగ్గుల మీద ఎంత చేశాం అని ఎవరైనా అడిగితే చాలామంది వెంటనే జిరా (పనుల్ని టికెట్లుగా రాసుకునే టూల్) తెరుస్తారు. అక్కడ టికెట్ ఏ రోజు ఓపెన్ అయ్యిందో ఏ రోజు క్లోజ్ అయ్యిందో ఉంటది గానీ, చాలా టికెట్లు పని అయిపోయాక ఎప్పుడో తీరిక దొరికినప్పుడు జరిపినవే, కొన్ని పనులకైతే అసలు టికెట్టే ఉండదు. కోడ్ దగ్గర అలా తప్పించుకోడం కష్టం. కోడ్ రివ్యూకి వెళ్ళాలంటే బ్రాంచ్ తియ్యాలి, అంటే అందరి మెయిన్ కోడ్‌కి పక్కన మన పనికో విడి దారి, బ్రాంచ్ తియ్యాలంటే దానికో పేరు పెట్టాలి, ఆ పేరు ఎక్కువసార్లు పని మొదలుపెట్టే ముందే టైప్ చేస్తాం. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. కమిట్ (సేవ్ చేసిన ఒక్కో మార్పు) మెసేజ్ పని అయ్యాక రాస్తాం, పుల్ రిక్వెస్ట్ (పీఆర్, అంటే మన బ్రాంచ్ చూసి కలుపుకోమని అడగడం) టైటిల్ రివ్యూ చేసేవాళ్ళ కోసం రాస్తాం, బ్రాంచ్ పేరు మాత్రం "ఇప్పుడు నేను చెయ్యబోయేది ఇది" అని మనకోసం మనం పెట్టుకున్నది. అందుకే అందులో నటన తక్కువ. ఇలాంటి పేర్లు కొన్ని వందలు పోగేసి చూస్తే టీమ్ టైమ్ ఎటు పోతుందో చాలా స్పష్టంగా కనపడతది.

ముందు పేర్లు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

గిట్‌లో, అంటే కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్‌లో, బ్రాంచ్ అంటే ఒక కమిట్‌ని చూపించే గుర్తు, అంతకుమించి ఏం లేదు. మామూలు రిపోలో (ప్రాజెక్ట్ కోడ్ మొత్తం ఉండే చోటు) డాట్ గిట్ ఫోల్డర్ లోపల రెఫ్స్, దాని లోపల హెడ్స్ అనే ఫోల్డర్ తెరిస్తే ఒక్కో బ్రాంచ్‌కి ఒక్కో చిన్న ఫైల్ ఉంటది, అందులో 40 అక్షరాల కమిట్ నంబర్ తప్ప ఇంకేం ఉండదు. దీనివల్ల మనకి రెండు ఇబ్బందులు. ఒకటి, ఏ కమిట్ ఏ బ్రాంచ్‌లో పుట్టిందో కమిట్ లోపల ఎక్కడా రాసి ఉండదు, రెండోది, బ్రాంచ్ డిలీట్ చేస్తే పేరు కూడా దాంతోపాటే పోతది. కాబట్టి బ్రాంచ్ లిస్ట్ కమాండ్ కొట్టి వచ్చిన పేర్లు లెక్కపెడితే మీకు దొరికేది ఇంకా అవ్వని పనులు, వదిలేసిన పనులు, డిలీట్ చెయ్యడం మర్చిపోయినవి మాత్రమే. శుభ్రంగా పూర్తయి మెర్జ్ అయ్యి, అంటే మెయిన్‌లో కలిసిపోయి, డిలీట్ అయిన పనులు, అంటే టీమ్ నిజంగా చేసిన పని, ఆ లిస్టులో ఉండవు. ఆ లెక్క మీద ఏ నిర్ణయమూ తీస్కోకండి.

పేర్లు పదిలంగా ఉండేది టీమ్ కోడ్ పెట్టుకునే హోస్టింగ్ సర్వీస్ దగ్గర. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ ఏదైనా సరే, బ్రాంచ్ డిలీట్ చేసినా పుల్ రిక్వెస్ట్ రికార్డులో సోర్స్ బ్రాంచ్ పేరు అలాగే ఉంటది. గిట్‌ల్యాబ్ ఏపీఐలో (స్క్రిప్ట్‌తో డేటా అడిగే దారి) దాన్ని సోర్స్ బ్రాంచ్ అనే పిలుస్తారు, వెళ్ళి కలిసేది టార్గెట్ బ్రాంచ్. గిట్‌హబ్‌లో అవే హెడ్, బేస్. గిట్‌హబ్ వాడేవాళ్ళకి తేలికైన దారి జీహెచ్ అనే కమాండ్ లైన్ టూల్, అందులో పీఆర్ లిస్ట్ కమాండ్‌కి స్టేట్ మెర్జ్‌డ్ అని ఇచ్చి, జేసన్ ఆప్షన్‌లో నంబర్, హెడ్ రెఫ్ నేమ్, బేస్ రెఫ్ నేమ్, క్రియేటెడ్ ఎట్, మెర్జ్‌డ్ ఎట్, అడిషన్స్, డిలీషన్స్ అడిగితే అంతా ఒక్క ఫైల్లో వచ్చేస్తది. లిమిట్ మాత్రం తప్పకుండా పెంచండి, ఏం ఇవ్వకపోతే 30 మాత్రమే ఇస్తది, ఆ 30 చూసి ఇదే మొత్తం అనుకునే ప్రమాదం ఉంది. గిట్‌ల్యాబ్ ఏపీఐ కూడా ఒక పేజీకి మామూలుగా 20 ఇస్తది, గరిష్ఠం 100, కాబట్టి పేజీలన్నీ తిరగాలి. బిట్‌బకెట్ క్లౌడ్‌లో ఐతే స్టేట్ చెప్పకపోతే ఓపెన్‌లో ఉన్నవే వస్తాయి, మెర్జ్‌డ్ అని అడగాలి.

ఏపీఐ యాక్సెస్ లేకపోతే మెర్జ్ కమిట్ మెసేజ్‌ల నుంచి తియ్యొచ్చు. మెయిన్ మీద నిలబడి గిట్ లాగ్ కమాండ్‌కి మెర్జెస్, ఫస్ట్ పేరెంట్ అనే రెండు ఆప్షన్లు ఇవ్వండి. ఫస్ట్ పేరెంట్ చాలా ముఖ్యం, అది లేకపోతే ఎవరో తమ బ్రాంచ్‌లోకి మెయిన్‌ని కలుపుకున్న మెర్జ్‌లు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. వచ్చిన మెసేజ్‌లు "మెర్జ్ బ్రాంచ్ ఫలానా" అనో "మెర్జ్ పుల్ రిక్వెస్ట్ ఫలానా నంబర్ ఫ్రమ్ ఫలానా" అనో ఉంటాయి, అందులోంచి పేరు కోసుకోవాలి. ఈ దారికి పెద్ద లోటు ఉంది. టీమ్ స్క్వాష్ మెర్జ్ (బ్రాంచ్‌లో కమిట్లన్నీ ఒక్క కమిట్‌గా చేసి కలపడం) వాడుతుంటే మెర్జ్ కమిట్ అనేదే ఉండదు, మామూలుగా పీఆర్ టైటిల్, నంబర్ మాత్రమే మిగుల్తాయి, ఫాస్ట్ ఫార్వర్డ్ (మెర్జ్ కమిట్ లేకుండా మెయిన్‌నే ముందుకి జరపడం) అయితే ఆ జాడ కూడా ఉండదు. సగం టీమ్ స్క్వాష్ చేసి సగం టీమ్ మామూలు మెర్జ్ చేసే చోట ఈ లాగ్ చూసి లెక్క వేస్తే రెండో సగం వాళ్ళు మాత్రమే పని చేసినట్టు వస్తది. రెఫ్‌లాగ్‌లో (బ్రాంచ్‌ల కదలికలు గిట్ రాసుకునే చిట్టా) దొరుకుతదేమో అని వెతక్కండి, అది మీ మెషిన్ వరకే, అది కూడా మామూలుగా 90 రోజులే ఉంటది.

డేటా వచ్చాక స్ప్రెడ్‌షీట్ చాలు, కొన్ని వేల వరసలకి ఇంకేం అక్కర్లేదు. ముందు సోర్స్ పేరు మొత్తాన్ని చిన్న అక్షరాల్లోకి మార్చండి, కొందరు పెద్ద ఎఫ్‌తో ఫీచర్ అని కొడతారు, కొందరు చిన్న ఎఫ్‌తో కొడతారు, గిట్‌కి అవి రెండు వేరు. తర్వాత మొదటి స్లాష్ ముందున్న ముక్క ఒక కాలమ్‌లోకి, టికెట్ నంబర్ ఉంటే అది ఇంకో కాలమ్‌లోకి, మిగిలిన మాటలు మూడో కాలమ్‌లోకి తియ్యండి. టికెట్ కోసం రెజెక్స్ (అక్షరాల నమూనాతో వెతికే సూత్రం) రాసేటప్పుడు "అక్షరాలు, హైఫన్, అంకెలు" అనే నమూనా సరిపోద్ది, కానీ అది "యూటీఎఫ్-8" లాంటివి కూడా పట్టేస్తది, కాబట్టి మీ ప్రాజెక్ట్ కీలు ఏవో అవి మాత్రమే ఇవ్వండి. గిట్‌హబ్‌లో, గిట్‌ల్యాబ్‌లో ఇష్యూ పేజీ నుంచే బ్రాంచ్ తీస్తే పేరు ముందు ఇష్యూ నంబర్ వస్తది, "ఫీచర్" అనో "ఫిక్స్" అనో ఏం ఉండదు, అలాంటివి తక్కువ అనుకుని పారేయకండి, ఆ నంబర్ పట్టుకుని ఇష్యూ లేబుల్ తెచ్చుకుంటే పని రకం తెలిసిపోద్ది.

ఇప్పుడు రకాలుగా కలపాలి. ఫీచర్, ఫీట్, న్యూ ఇవన్నీ ఒక రకం, ఫిక్స్, బగ్, బగ్‌ఫిక్స్ ఇంకో రకం, హాట్‌ఫిక్స్ (ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే చోట, అర్జెంటుగా చేసే ఫిక్స్) మాత్రం విడిగా ఉంచండి, దాన్ని ఫిక్స్‌లో కలిపేస్తే ప్రొడక్షన్‌లో ఎన్నిసార్లు మంట ఆర్పామో ఆ లెక్క మాయమైపోద్ది. చోర్ (చిల్లర పనులు), రిఫాక్టర్ (పని మారకుండా కోడ్‌ని చక్కదిద్దడం), టెస్ట్, డాక్స్, సీఐ (కోడ్ పంపగానే ఆటోమేటిక్‌గా నడిచే చెక్‌లు) ఇవి లోపలి పని. ముందే ఒక గొప్ప జాబితా తయారు చేసుకుని పేర్లని అందులోకి తొయ్యడం కంటే, ఉన్న ముక్కలన్నీ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి పెద్దవాటి నుంచి కిందికి చూస్కుంటూ రావడం మేలు. టీమ్ ఏ మాటలు వాడుతుందో ఆ మాటల్లోనే రకాలు ఉంటాయి. చివర్లో ఏ రకంలోకీ రాని పేర్లు కొన్ని మిగుల్తాయి, "టెస్ట్2", "టెంప్", "ఫైనల్-ఫైనల్", ఎవరో తమ పేరు పెట్టుకున్న బ్రాంచ్, ఇలాంటివి. వాటిని "తెలీదు" అనే రకంగానే ఉంచి రిపోర్టులో కూడా చూపించండి. ఆ రకం మరీ పెద్దగా ఉంటే, అంటే మూడో వంతు దాకా అదే ఉంటే, మిగతా శాతాలు నమ్మదగినవి కావు, ముందు వాటిలో కొన్నిటి డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపేది) తెరిచి చదివి చేత్తో రకం రాయండి.

మనుషులు చెయ్యని బ్రాంచ్‌లని కూడా ముందే పక్కకి తియ్యాలి. వాడే లైబ్రరీల (డిపెండెన్సీల) అప్‌డేట్లు వాటంతటవే పంపే బాట్‌లలో డిపెండాబాట్ తెరిచేవి "డిపెండాబాట్/" తోనూ, రెనోవేట్‌వి మామూలుగా "రెనోవేట్/" తోనూ మొదలవుతాయి, గిట్‌హబ్ కోపైలట్ కోడింగ్ ఏజెంట్‌కి పని అప్పచెప్తే వచ్చే బ్రాంచ్ "కోపైలట్/" తో మొదలవుద్ది. వీటిని డిలీట్ చెయ్యకండి, విడి రకంగా పెట్టుకోండి, ఎందుకంటే డిపెండెన్సీ అప్‌డేట్లు రివ్యూ చేసేది మళ్ళీ మన మనుషులే కదా, ఆ టైమ్ ఎక్కడో లెక్కలోకి రావాలి. గిట్‌హబ్ వెబ్‌సైట్‌లోనే ఫైల్ ఎడిట్ చేసి ప్రపోజ్ చేస్తే వచ్చే పేరు యూజర్‌నేమ్, దాని తర్వాత "ప్యాచ్-1" లాగా ఉంటది, ఇవి ఎక్కువగా అక్షర దోషాలు, రీడ్‌మీ మార్పులు, చిన్న పని అని గుర్తు పెట్టుకుంటే చాలు.

అసలు లెక్కని పాడుచేసే ఇంకో రకం ఉంది, బ్రాంచ్ నుంచి బ్రాంచ్‌కి జరిగే రవాణా. డెవలప్ నుంచి మెయిన్‌కి, రిలీజ్ నుంచి మెయిన్‌కి, మెయిన్ నుంచి తిరిగి డెవలప్‌కి, వీటిలో కొత్త పని ఏం ఉండదు, వేరే పీఆర్‌లలో ఆల్రెడీ లెక్క అయిన పనే మళ్ళీ కదులుతుంది. 2010లో విన్సెంట్ డ్రీసెన్ చెప్పిన గిట్‌ఫ్లో మోడల్ వాడే టీముల్లో ఇది చాలా ఎక్కువ, పైగా అక్కడ హాట్‌ఫిక్స్ బ్రాంచ్ మెయిన్‌లోకీ డెవలప్‌లోకీ రెండిట్లోకీ కలుస్తది, కాబట్టి ఒకే మంట రెండుసార్లు లెక్కలో పడుద్ది. రిపో పేరు, సోర్స్ బ్రాంచ్ పేరు రెండూ ఒకటే అయ్యి మెర్జ్ తేదీలు దగ్గరగా ఉన్న వరసలని ఒక్కటిగా కలిపెయ్యండి. సోర్స్ పేరే కాదు, టార్గెట్ కాలమ్ కూడా ఎందుకు తెచ్చుకోవాలో ఇక్కడ తెలుస్తది.

ఇక ప్రశ్నలకి వద్దాం. అన్నిటికంటే ముందు వేసుకోవాల్సింది రకాల వాటా, వారం వారం కాకుండా నెల నెల చూడండి, వారానికి చూస్తే రిలీజ్ వారం ఒకలాగా పండగ సెలవుల వారం ఒకలాగా ఎగిరిపడతది. ఉదాహరణకి ఒక టీమ్ అనుకుందాం, ఒక నెలలో 60 బ్రాంచ్‌లు మెర్జ్ అయ్యాయి, అందులో ఫీచర్ 33, ఫిక్స్ 15, హాట్‌ఫిక్స్ 2, లోపలి పని 10. తర్వాతి నెల మళ్ళీ 60, కానీ ఫీచర్ 21, ఫిక్స్ 22, హాట్‌ఫిక్స్ 8, లోపలి పని 9. మొత్తం చూస్తే టీమ్ వేగం ఏం మారలేదు, చార్ట్‌లో గీత చదునుగా ఉంది, లోపల మాత్రం హాట్‌ఫిక్స్‌లు నాలుగింతలు అయ్యాయి, ఫీచర్లు మూడో వంతు పైగా పడిపోయాయి. కొత్త ఫీచర్లు ఎందుకు లేటవుతున్నాయి అని అడిగేవాళ్ళకి జవాబు ఈ రెండు వరసల్లోనే ఉంది. మొత్తం ఎన్ని పీఆర్‌లు అనే లెక్క ఒక్కటే పట్టుకుంటే ఇది ఎప్పటికీ కనపడదు.

తర్వాత నేను వెతికేది రివర్ట్‌లు. గిట్‌హబ్‌లో మెర్జ్ అయిన పీఆర్ కింద రివర్ట్ బటన్ నొక్కితే వచ్చే బ్రాంచ్ పేరు "రివర్ట్", తర్వాత ఆ పీఆర్ నంబర్, తర్వాత పాత బ్రాంచ్ పేరు, ఇలా హైఫన్లతో కలిపి ఉంటది. అంటే ఏ పని వెనక్కి తీశారో పేరులోనే రాసి ఉంది, ఎవర్నీ అడగక్కర్లేదు. ఇలాంటి ఒక గొలుసు చూడండి. "ఫీచర్/పే-412-రీట్రై" అనే బ్రాంచ్ మంగళవారం మెర్జ్ అయ్యింది. బుధవారం "రివర్ట్-1380-ఫీచర్/పే-412-రీట్రై". గురువారం "హాట్‌ఫిక్స్/పే-430-డబుల్-చార్జ్". తర్వాతి సోమవారం "ఫీచర్/పే-412-రీట్రై-వీ2". టికెట్ దగ్గర చూస్తే పే-412 ఒక ఫీచర్, అయిపోయింది, అంతే. బ్రాంచ్ పేర్లు వరసగా పెడితే కథ మొత్తం తెలుస్తది, పేమెంట్ రీట్రై పెట్టారు, కస్టమర్ల దగ్గర రెండుసార్లు డబ్బు కట్ అయ్యింది, వెనక్కి తీశారు, అప్పటికే పడ్డ చార్జీలకి విడిగా ఒక ఫిక్స్ ఇచ్చారు, మళ్ళీ మొదటి నుంచి కట్టారు. ఒక్క టికెట్ నంబర్ మీద మూడు బ్రాంచ్‌లు, పక్కన ఒక హాట్‌ఫిక్స్. అందుకే టికెట్ నంబర్ వారీగా ఎన్ని బ్రాంచ్‌లు ఉన్నాయో ఒక లెక్క తీసి, ఎక్కువ ఉన్నవాటిని పైన పెట్టుకుని ఒక్కొక్కటీ చదవండి. అన్నీ తప్పులు కావు, పెద్ద పనిని కావాలనే ముక్కలు చేసి పంపిన టీమ్ కూడా ఇలాగే కనపడతది, అది మంచి అలవాటు. తేడా తెలిసేది చివరి మాటల్లో, "పార్ట్2", "ఏపీఐ", "యూఐ" అని ఉంటే ముక్కలు, "వీ2", "అగైన్", "ఫిక్స్-ఫిక్స్" అని ఉంటే తిరగరాత.

స్లాష్ తర్వాత మాటలు కూడా ఊరికే వదలొద్దు. ఫిక్స్ రకం బ్రాంచ్‌లు మాత్రమే తీస్కుని, హైఫన్ల దగ్గర విడగొట్టి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. "టైమ్‌జోన్", "క్యాష్", "లాగిన్", "ఎక్స్‌పోర్ట్" ఏదో ఒక మాట నెలల తరబడి పైనే కూర్చుని ఉంటది. కోడ్‌లో ఏ మూల రిఫాక్టర్ చెయ్యాలో వాదించుకునే మీటింగ్‌కి ఈ లిస్ట్ ఒక్కటి తీసుకెళ్తే సగం వాదన అక్కడే తీరిపోద్ది.

టైమ్ లెక్క దగ్గర కొంచెం జాగ్రత్త. బ్రాంచ్ ఎప్పుడు పుట్టిందో గిట్ ఎక్కడా రాసి పెట్టుకోదు, పీఆర్ తెరిచిన టైమ్ పని మొదలైన టైమ్ కాదు, కొందరు మొదటి కమిట్‌కే డ్రాఫ్ట్ పీఆర్ తెరుస్తారు, కొందరు వారం పని చేసి చివర్లో తెరుస్తారు. దగ్గరలో దగ్గర అంచనా అంటే ఆ పీఆర్‌లో మొదటి కమిట్ ఆథర్ తేదీ. కమిటర్ తేదీ వాడకండి, రీబేస్ చేస్తే (కమిట్లని కొత్త మెయిన్ మీద మళ్ళీ పేర్చితే) అది మారిపోద్ది, ఆథర్ తేదీ మామూలుగా అలాగే ఉంటది. ఇక మొదటి కమిట్ నుంచి మెర్జ్ వరకు ఎన్ని రోజులు అనేదానికి సగటు కాకుండా మీడియన్ (వరసలో పెడితే మధ్యలో వచ్చే విలువ) తీస్కోండి, మూడు నెలలు పడుకుని లేచిన ఒక్క బ్రాంచ్ సగటుని పాడు చేసేస్తది. రకం వారీగా మీడియన్ పక్కపక్కన పెట్టి చూడండి, చిన్న ఫిక్స్‌లకి కూడా ఫీచర్లంత టైమ్ పడుతుంటే పని కష్టంగా ఉందని కాకపోవచ్చు, రివ్యూ క్యూలో నిలబడి ఉందేమో చూడాలి.

మెర్జ్ అవ్వకుండా మిగిలిన బ్రాంచ్‌ల కోసం బ్రాంచ్ లిస్ట్ అప్పుడు పనికొస్తది. గిట్‌లో ఫర్ ఈచ్ రెఫ్ కమాండ్‌తో రిమోట్ బ్రాంచ్‌లన్నీ చివరి కమిట్ తేదీ వరసలో తెచ్చుకోవచ్చు. నెల పైగా కదలకుండా పడున్న బ్రాంచ్‌లు ఏ రకాల్లో ఎక్కువ ఉన్నాయో చూస్తే, మొదలుపెట్టి మధ్యలో ఇంకో అర్జెంట్ పని వచ్చి వదిలేసినవి బయటపడతాయి. వృథాగా పోయిన పని కనపడేది ఇక్కడే, కానీ ప్లానింగ్‌లో ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు.

ఈ లెక్కని మనిషి మనిషికీ విడగొట్టకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ఎవరు ఎన్ని బ్రాంచ్‌లు మెర్జ్ చేశారు అని ఒక్కసారి టేబుల్ వేసి చూపిస్తే, తర్వాతి నెల నుంచి అందరి బ్రాంచ్‌లూ చిన్నవైపోతాయి, ఫిక్స్‌లకి ఫీచర్ అని పేరు పెట్టడం మొదలవుద్ది, అప్పుడు పేర్లలో ఉన్న నిజాయితీ పోద్ది, అది పోయాక ఈ డేటాకి విలువే లేదు. పైగా రెండు వారాలు కూర్చుని ఒకే ఒక్క మెమరీ లీక్ పట్టుకున్న మనిషి ఈ టేబుల్లో అట్టడుగున కనపడతాడు. ప్రశ్న ఎప్పుడూ పని గురించే ఉండాలి.

బ్రాంచ్ పేరుకీ లోపలి కోడ్‌కీ తేడా రావడం కూడా మామూలే. ఫీచర్ అని తీసిన బ్రాంచ్‌లో సగం రిఫాక్టరింగ్ ఉంటది, ఫిక్స్ అని తీసినదాంట్లో కొత్త స్క్రీన్ ఒకటి చేరిపోద్ది. అందుకే ఒక్కో రకం నుంచి ఓ పదో ఇరవయ్యో బ్రాంచ్‌లు యాదృచ్ఛికంగా తీసి డిఫ్ చదివి, పేరు చెప్పేది నిజమా కాదా అని గుర్తు పెట్టుకోండి. పదిలో ఎనిమిది తొమ్మిది సరిపోతే శాతాలు ధైర్యంగా చూపించొచ్చు, సగమే సరిపోతే పేర్లు పెట్టే పద్ధతి మీద ముందు టీమ్‌తో మాట్లాడాలి.

ఆ పద్ధతి కూడా చిన్నగా ఉండాలి. రకం, స్లాష్, టికెట్ నంబర్, హైఫన్, రెండు మూడు మాటలు, అంతే. రకాలు ఐదారుకి మించితే ఎవరికీ గుర్తుండవు, గుర్తులేనప్పుడు అందరూ చోర్ అని కొట్టేస్తారు. టికెట్ కీ మాత్రం జిరాకి లింక్ అవ్వాలంటే పెద్ద అక్షరాల్లో రాయమని చెప్పండి, మిగతా అంతా చిన్న అక్షరాలు. విండోస్‌లో, మ్యాక్‌లో ఫైల్ సిస్టమ్ మామూలుగా పెద్ద చిన్న అక్షరాల తేడా చూడదు కాబట్టి ఆ తేడాతో మాత్రమే ఉన్న రెండు బ్రాంచ్‌లు అక్కడ గొడవ పెడతాయి. ఇంకో సంగతి, ఎవరైనా "ఫీచర్" అని స్లాష్ లేకుండా ఒక బ్రాంచ్ తీసి ఉంటే, అది ఉన్నంతవరకు "ఫీచర్/" తో మొదలయ్యే బ్రాంచ్ ఏదీ తియ్యడం కుదరదు, ఎర్రర్ వస్తది, దాన్ని డిలీట్ చెయ్యాలి లేదా దాని పేరు మార్చాలి. పేరు నమూనాకి సరిపోకపోతే ఆపడానికి ప్రీ పుష్ హుక్ (కోడ్ పంపే ముందు నడిచే చిన్న స్క్రిప్ట్) పెట్టొచ్చు, కానీ హుక్ ప్రతి ఒక్కరి మెషిన్‌లో విడిగా పెట్టుకోవాలి కాబట్టి సీఐలో ఒక చిన్న చెక్ పెట్టడం తేలిక, మొదటి కొన్ని వారాలు ఫెయిల్ చెయ్యకుండా వార్నింగ్ మాత్రమే ఇవ్వనివ్వండి. పాత బ్రాంచ్‌లకి కొత్త పేర్లు పెట్టే పని పెట్టుకోకండి, పాత డేటాకి మీ మ్యాపింగ్ టేబుల్ చాలు.

ఆ మ్యాపింగ్ టేబుల్‌ని, అంటే ఏ ముక్క ఏ రకంలోకి వెళ్తుందో రాసుకున్న ఫైల్‌ని, ఏ బాట్ పేర్లు తీసేశారో ఆ లిస్ట్‌ని, స్క్రిప్ట్‌తో పాటు రిపోలోనే పెట్టండి. ఆరు నెలల తర్వాత ఇంకొకరు ఇదే లెక్క తీసినప్పుడు "హాట్‌ఫిక్స్" ని ఫిక్స్‌లో కలిపేస్తే రెండు చార్టులు పక్కపక్కన పెట్టి చూడ్డానికి పనికిరావు. రకాలు మార్చాల్సి వస్తే మార్చుకోండి, కానీ మార్చిన రోజు పాత నెలలన్నీ కూడా కొత్త టేబుల్‌తో మళ్ళీ రన్ చేసి, ఆ కొత్త అంకెలే వాడండి.